రెండు దిక్కుల గొళ్ళెం

మా తమ్ముడి కోడలు సంగీత ఫోన్ చేసినప్పుడు నేను నాగల్‌గిద్దలో మా ఇంటి ముందు కూర్చుని కందులు చెరుగుతున్నాను. "పెద్దత్తా, ఎనుక దిక్కు వంటిల్లు తయారు జేస్తున్న. కిరాయికి ఉండెటోళ్ళు వస్తున్నరు. వంటింట్ల ఏమేం ఉండాల్నో నీకే ఎరుక, వచ్చి ఒక్కపారి చూసి పో" అంది. చాట పక్కన పెట్టి, సంచిలో రెండు చీరలు, గుడ్డలో చుట్టిన కరకరలాడే కడక్ రొట్టెలు, ఇంత వెర్రినువ్వుల పొడి పెట్టుకుని ఆటో ఎక్కాను. పుట్టింటికి పోవడానికి ఈ వయసులో కారణం అక్కర లేదు గానీ, వంటింటి పని అని పిలిస్తే మాత్రం నాకు కాలు నిలవదు. నేను బడికి పోయింది తక్కువ. నాకొచ్చిన చదువంతా ఆ ఇంటి పొయ్యి ముందు కూర్చుని నేర్చుకున్నదే.

నారాయణఖేడ్ బజారు వెనక గల్లీలో మా ఇల్లు. ముందు భాగం స్లాబు అయిపోయింది. వెనక పశువుల కొట్టం ఉన్నచోట సంగీత ఒక పడక గది, బాత్రూము కట్టించింది. దాని పక్కన, మా ఇంటి గోడకు ఆనుకుని పెంకుల కప్పుతో ఒక చిన్న అర్ర ఎప్పటి నుంచో ఉంది. మొన్నటి దాకా అందులో పాత గోనె సంచులు, విరిగిన మంచం కోళ్ళు ఉండేవి. అదిప్పుడు వంటిల్లు. పెళ్ళిళ్ళకు వచ్చేవాళ్ళు, బోరంచ నల్లపోచమ్మకు మొక్కులు తీర్చుకోవడానికి వచ్చేవాళ్ళు, చంటిపిల్లలున్న వాళ్ళు లాడ్జీలో దిగితే పాలు కాచుకోవడానికి కూడా వీలుండదని, రెండు మూడు రోజులకు ఇల్లే ఇస్తే బాగుంటుందని సంగీత ఆలోచన. ఫోటోలు తీసి అందరికీ కనపడేట్టు ఫోన్లో పెట్టింది. తొందరలోనే ఒక కుటుంబం వస్తామంది. మొగుడు దుకాణంలో కూర్చుంటాడు, అత్త చనిపోయాక ఇంటి పనంతా ఆ పిల్లదే. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి ఇది నాది అని చెప్పుకునే పని ఆమెకు ఇదొక్కటే. అందుకే స్టీలు గ్లాసు తుడిచినా వెలుతురుకు పట్టి చూసి మరీ పెడుతోంది.

పని మొదలుపెట్టగానే మా ఇద్దరికీ డబ్బాల దగ్గర మాట పట్టింపు వచ్చింది. ఆమె కొత్త డబ్బాలన్నీ కడిగి ఆరబెట్టి ఖాళీగా వరసపెట్టింది. వచ్చేవాళ్ళు ఖాళీ డబ్బాలే అడుగుతారట, ఎవరో పోసిన సరుకు ముట్టుకోరట. నాకు మనసు ఒప్పలేదు. ఇంకొకరికి అప్పజెప్పే వంటింట్లో ఉప్పు డబ్బా ఖాళీగా ఉండడం మా ఇంట్లో ఎరగం. మా అమ్మ కాన్పుకు పుట్టింటికి పోయినా, మా మేనత్తకు వంటిల్లు అప్పగించే ముందు ఉప్పు జాడీ అంచుదాకా నింపి, రొట్టెల బుట్టలో ఒక రొట్టె ఉంచి పోయేది. నేను చప్పుడు చేయకుండా ఉప్పు, పసుపు, కారం నింపేశాను. సంగీత చూసి, "నువ్వు ఇనవ్ పెద్దత్తా" అని నవ్వి ఊరుకుంది. గ్యాసు పొయ్యి పెట్టాం, కుక్కరుకు కొత్త రబ్బరు వేశాం, టీ గంటె, వడకట్టే జాలి, కత్తి, అగ్గిపెట్టె అన్నీ చేతికి అందేచోట సర్దాం. ఒక్కటే కుదరలేదు. పొయ్యి పెట్టిన మూలకు పైన గోడ మీద ఒక నల్లటి మచ్చ. తెల్ల రంగు వేసినకొద్దీ లోపల్నుంచి పచ్చగా, ఆ తర్వాత నల్లగా ఊరి వస్తోంది. రంగేసే అతను చేతులెత్తేశాడట. దానిమీద ఏదైనా పటం వేలాడదీద్దామని సంగీత అంటోంది. నేను దగ్గరికి పోయి వేలితో రుద్దాను. కందికట్టె పొగ మసి. ఆ మసి నాకు తెలుసు.

అంతలో మా తమ్ముడు శివరాజు లోపలికి వచ్చాడు. నుదుటి మీద విభూతి, మెడలో లింగకాయ, చేతిలో పేపరు. మాది లింగం కట్టుకున్న ఇల్లు. ఇంట్లో కన్నడం, బజారులో తెలుగు, గిరాకీతో ఉర్దూ మాట్లాడుతూ పెరిగినవాళ్ళం. నీసు అన్న మాట కూడా ఇంట్లో గట్టిగా అనేవాళ్ళం కాదు.

"ఎవలు వస్తున్నరు?" అని అడిగాడు.

"బోధన్ నుంచి మామా. బోరంచల మొక్కు ఉన్నదట. పొద్దుగాల పోయి, మధ్యాన్నం మల్లొచ్చి ఈడ్నే వండుకుంటరట."

"ఏం వండుకుంటరు?"

సంగీత డబ్బా మూత తుడుస్తూనే "కోడి" అంది.

"గీ ఇంట్లనా?"

"ఇంట్ల కాదు మామా. ఎనుక."

"ఎనుక ఎవలిది? పక్కింటోళ్ళదా?" అన్నాడు వాడు. "వద్దని చెప్పు. పప్పు వండుకుంటె ఉండుమను. లేకుంటె లాడ్జికి పొమ్మను."

"వాళ్ళు దాస్తలేరు మామా. ముందుగాలనే అడిగిన్రు, నేను సరే అన్న. మొదటొచ్చెటోళ్ళనే పొమ్మంటె ఇంకెవలొస్తరు? నా మాట పోతది."

"నీ మాట పోతె మల్లొస్తది. ఇంటి మడి పోతె ఏడికెల్లి తెస్తవ్?" అని, నా వైపు తిరిగాడు. "వాళ్ళు వస్తె నేను ఈడ ఉండ. అక్క ఎంబడి నాగల్‌గిద్ద పోత."

"రా" అన్నాను నేను. "మా కోడలు రోజు పొద్దుగాల పిల్లలకు కోడిగుడ్లు ఉడకవెడ్తది. డాక్టర్ చెప్పిండంట. నీకు అరుగు మీద మంచం ఏస్త."

వాడు నా ముఖం చూసి, పేపరు మడిచి, ముందింట్లోకి పోయాడు. సంగీత నవ్వబోయి, నవ్వలేక డబ్బాల ముందు కూలబడింది. "రమ్మని చెప్పిన నోటితోని వద్దని ఎట్ల చెప్పాలె పెద్దత్తా" అంది. నా చూపు ఆ మసి మీదే ఉంది.

మా నాయనమ్మను మేం ఆయి అనేవాళ్ళం. పొడుగ్గా, సన్నగా, ఎండిన కందిచెట్టులా ఉండేది. తెల్లవారకముందే నీళ్ళు పోసుకుని, తడి కొంగుతోనే లింగాన్ని అరచేతిలో పెట్టుకుని పూజ చేసుకుని, అప్పుడు వంటింట్లో అడుగుపెట్టేది. స్నానం చేయని మనిషి ఆ గడప దాటితే పొయ్యిలో మంట కూడా ఆర్పేసేది. పొయ్యిని రోజూ ఎర్రమట్టితో అలికేది. పెనం మీద జొన్నరొట్టె పొంగుతున్నప్పుడు ఆ వాసన, కందికట్టె చిటపటలు, తడి మన్ను వాసన అన్నీ కలిసి గల్లీ దాకా వచ్చేవి. మా నాయనది ధాన్యం వ్యాపారం. కంగ్టి దిక్కు పల్లెల వాళ్ళు మాకే కందులు అమ్మేవాళ్ళు. ఆ ఎరుకతో, బోరంచకు పోయి వచ్చేటప్పుడు బండ్లు మా ఇంటి వెనక విప్పేవాళ్ళు. మొక్కు తీర్చుకుని, వెంట తెచ్చుకున్న మాంసం రాత్రికి మా దొడ్లో వండుకుని తిని, తెల్లారి పోయేవాళ్ళు. అందుకోసం ఆయి దొడ్లో మూడు రాళ్ళతో వేరే పొయ్యి పెట్టించింది. వాళ్ళ కోసం వేరే వంట గుండి, వేరే గంటె కొట్టం గుంజకు వేలాడేవి. వాళ్ళు రాగానే వెనక తలుపు తీసి కట్టెలు, నిప్పు, ఒక ఆకులో ఉప్పు గడప అవతల పెట్టి, తలుపు వేసేది. ఏం వండుతున్నారని ఎప్పుడూ అడిగేది కాదు. ఆ పూట మేం కూడా వెనక్కి తొంగి చూడకూడదు.

పోయేటప్పుడు వాళ్ళు పొయ్యిరాళ్ళు కడిగి, ఒక రాయి మీద దోసెడు కందులో జొన్నలో పోసి పోయేవాళ్ళు. అది ఎవరూ అడిగి తీసుకునేది కాదు, వాళ్ళ పద్ధతి. ఆయి ఆ గింజలు చాటలోకి ఎత్తి, మా ఇంటి గింజల్లోనే కలిపేసేది. వాళ్ళ కుండలో నీళ్ళు తాగని మనిషి వాళ్ళ గింజలు మాత్రం తినేది. అప్పుడు నాకు అందులో వింత కనపడలేదు. ఆయి ఏది చేస్తే అదే సరైనదనుకునే వయసు.

ఆ వచ్చేవాళ్ళలో లచ్చి అని నా ఈడు పిల్ల ఒకతి ఉండేది. వాళ్ళమ్మ కొంగు పట్టుకుని నడవదు, ముందు పరుగెత్తుతుంది. తలకు నూనె లేక ఎర్రబడిన జుట్టు, చేతిలో ఎప్పుడూ ఏదో ఒక కట్టె. నేను గడప ఇవతల నిలబడితే తను అవతల నిలబడేది. మధ్యలో గడప మీద గవ్వలు ఆడేవాళ్ళం. ఆయి కనపడితే నేను లోపలికి, తను దొడ్లోకి.

ఒక వానకాలం వాళ్ళు బోరంచ నుంచి తిరిగి వచ్చి పొయ్యి మీద కూర ఎక్కించారు. అది సగం ఉడికేసరికి ఆకాశం చిల్లుపడ్డట్టు వాన. మూడు రాళ్ళ పొయ్యి మునిగిపోయింది. లచ్చి తండ్రి గుండి చేతిలో పట్టుకుని, తల్లి కొంగు దాని మీద కప్పి, వానలో నిలబడ్డారు. కొట్టం నిండా మా బర్రె, దాని దూడ, ఎడ్లు. ఆయి వెనక తలుపు దగ్గర కందీలు దీపం పట్టుకుని నిలబడింది. వాళ్ళను లోపలికి రమ్మనలేదు, అట్లాగని వానలో తడుస్తుంటే చూడనూ లేకపోయింది. ఆమె ముఖం ఎటు తిరగాలో తెలియనట్టు అటూ ఇటూ తిరగడం నేను చూశాను. కడకు మా అమ్మను పిలిచి, "బర్రెను లోపలికి తోల్కరా" అంది.

మా అమ్మకు అర్థం కాలేదు. "ఏడికి?"

"లోపలికి. పడసాలకు. కొట్టం ఖాళీ చెయ్. వాళ్ళు ఆడ పొయ్యి పెట్టుకుంటరు."

ఎడ్లను ముందు అరుగు చూరు కింద కట్టేశారు. బర్రె, దూడ వెనక గడప దాటి, వంటింటి పక్కనుంచే నడిచి పడసాలలోకి వచ్చాయి. కందుల బస్తాల మధ్య, మా శివరాజును పండబెట్టిన ఉయ్యాల పక్కన బర్రెను కట్టేశారు. వాడప్పటికి పాలు తాగే పిల్లవాడు. బర్రె తలూపినప్పుడల్లా కొమ్ము తాడుకు తగిలి ఉయ్యాల ఊగేది, వాడు ఏడుపు మాని దాన్నే చూసేవాడు. అది వచ్చిన కాసేపటికే పడసాల మధ్యలో పేడ వేసింది. మా నాయన ఒక మాట అనబోయి, ఆయి ముఖం చూసి బస్తా మీద కూర్చున్నాడు.

కొట్టంలో మంట లేచింది. ఆయి ఉప్పు ఆకు పట్టుకుని వెనక తలుపు దగ్గరికి పోయింది, నేను ఆమె కొంగు వెనక. లచ్చి కొట్టం గుంజ పట్టుకుని నిలబడి ఉంది. తడిసిన జుట్టు ముఖానికి అతుక్కుని ఉంది. ఆయిని చూసి, చిన్నపిల్లలు అడిగినట్టే అడిగింది.

"ఆయీ, మీ బర్రె ఇంట్లకు పోయింది గద. అది తానం జేసిందా?"

వాళ్ళమ్మ చేయి పట్టి లాగి, "నోర్ముయ్యే" అంది. లచ్చి నోరు మూయలేదు. "మేం గూడ నిన్న తానం జేసినం" అంది.

ఆయి చేతిలో కందీలు కదలలేదు. లచ్చిని చూస్తూనే, "ఉప్పు సరిపోతదా?" అని లచ్చి తల్లిని అడిగింది. ఆమె తల ఊపింది. ఆయి ఉప్పు గడప అవతల పెట్టి తలుపు వేసింది. ఆ పూట ఆమె రొట్టె ముట్టలేదు. మరునాడు పడసాల అలుకుతున్నప్పుడు, ఎప్పుడూ లేనిది, కూలిమనిషిని రానివ్వకుండా తనే వంగి అలికింది.

మళ్ళీ వానలు పడకముందే మేస్త్రీని పిలిపించి, ఇంటి వెనక గోడకు ఆనించి ఒక అర్ర కట్టించింది. పైన పెంకులు, మూలన మట్టి పొయ్యి, పొగ పోవడానికి గూడు, నీళ్ళకు ఒక గోలెం. మా ఇంట్లోంచి ఆ అర్రకు ఒక తలుపు. గొళ్ళెం మా దిక్కు. మా నాయన ఇదంతా ఎందుకమ్మా అంటే, "కట్టెలు తడుస్తున్నయ్" అంది. కట్టెలు ఒక్కనాడూ అందులో పెట్టనివ్వలేదు. ఆ ఏడు లచ్చివాళ్ళు వచ్చినప్పుడు, లచ్చి ఆ అర్రలో నడుమ నిలబడి, తల పైకెత్తి పెంకులన్నీ చూసి, "మంచిగైంది. బర్రెకు గూడ మంచిగైంది, దాని జాగ దానికి దొరికింది" అంది. ఈసారి వాళ్ళమ్మ ఆ పిల్ల నోరు మూయించలేదు. ఆయి తలుపు ఇవతల నవ్వింది. నేను చూశాను. లచ్చికి అది కనపడలేదు.

తర్వాత బస్సులు వచ్చాయి, బండ్లు విప్పేవాళ్ళు తగ్గారు. లచ్చిని ఎక్కడికో ఇచ్చారు, ఎక్కడికో నాకు తెలియదు. ఆ అర్రలోకి గోనె సంచులు చేరాయి. ఇప్పుడు సంగీత రంగు వేస్తే ఊరి వస్తున్నది ఆ పొయ్యి మసి.

సాయంత్రం శివరాజుకు రొట్టె, పుంటికూర పెట్టి ఇదంతా చెప్పాను. వాడు తింటూ విన్నాడు. "ఇయ్యాల నా కోసం అల్లుతున్నవా ఇది?" అన్నాడు.

"పోయి ఆ మసి చూసి రా."

చేయి కడుక్కుని పోయాడు. గోటితో గీకి వాసన చూడడం నాకు ఇక్కడినుంచే కనపడింది. తిరిగి వచ్చి, "అయితె ఏంది? ఆయి గూడ వాళ్ళను లోపలికి రానియ్యలే గద" అన్నాడు.

"రానియ్యలే."

"మరి?"

"ఆమెతోని అయినంత ఆమె చేసింది. కప్పు ఏయించింది. నువ్వు ఆ కప్పు గూడ పీకుతనంటున్నవ్."

వాడు గోటి కింది మసి తుడుచుకున్నాడు. చివరికి, "వండుకోనీ. కని మన గిన్నె ఒక్కటి అటు పోవద్దు. నడిమిట్ల తలుపుకు గొళ్ళెం ఏసి ఉంచుండ్రి" అన్నాడు. సంగీత తలుపు చాటునే ఉంది. సరే మామా అని కూడా అనలేదు, మళ్ళీ మాట మారుస్తాడేమోనని మెల్లగా వెళ్ళిపోయింది.

మరునాడు వడ్రంగి వచ్చి ఆ తలుపుకు అటు దిక్కున ఇంకో గొళ్ళెం బిగిస్తుంటే శివరాజు చూశాడు. "అటు దిక్కు ఎందుకు? మనింటి తలుపు మనమే తియ్యరాదా?"

"వాళ్ళు ఉన్నన్ని దినాలు అది వాళ్ళ ఇల్లు మామా" అంది సంగీత. "మనం ఎప్పుడంటె అప్పుడు తలుపు తీసి లోపలికి పోతె వాళ్ళకు మంచిగనిపిస్తదా?"

వాడు ఆ కొత్త గొళ్ళేన్ని ఒకసారి వేసి, ఒకసారి తీసి చూశాడు. నేనూ చూస్తూ నిలబడ్డాను. ఆయి ఆ అర్ర కట్టించినప్పుడు అటు దిక్కు గొళ్ళెం అన్న ఊహే ఎవరికీ రాలేదు. ఇచ్చేవాళ్ళం మేం, తలుపు మాది, తీయాలో మూయాలో మా ఇష్టం. ఆయి మనసు మంచిదే. ఆ మంచితనానికి గొళ్ళెం ఒక దిక్కే ఉండేది. ఇప్పటి కాలంలో మనుషులు దూరమయ్యారని నేను కూడా పదిమందిలో అంటుంటాను. కానీ లచ్చి వాళ్ళమ్మ మా వైపు తలుపు మూసి పడుకోగలిగిందా అని ఆ పూట మొదటిసారి ఆలోచించాను. ఏ కాలం మంచిదో తేల్చి చెప్పే తెలివి నాకు లేదు. రెండూ చూశాను, అంతే.

బోధన్ వాళ్ళు వచ్చారు. కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు, పోశవ్వ అనే పెద్దామె. పొద్దున బోరంచ పోయి మధ్యాహ్నానికి తిరిగి వచ్చారు. కాసేపటికి అల్లం వెల్లుల్లి మసాలా వాసన తలుపు సందులోంచి వచ్చింది. శివరాజు నాగల్‌గిద్దకు పోలేదు. పడసాలలో కుర్చీ వేసుకుని, అగరొత్తులు గుత్తిగా వెలిగించి, పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ఆ పేపరు వాడు పొద్దునే చదివేశాడు.

పొద్దుగూకే వేళ అటు దిక్కు గొళ్ళెం తీసిన చప్పుడైంది. తర్వాత మెల్లగా తలుపు తట్టారు. మా దిక్కు గొళ్ళెం వేసే ఉంది. నేను శివరాజు వైపు చూశాను. వాడు పేపరు దించలేదు. నేను లేచి తీశాను.

పోశవ్వ పళ్ళెంతో నిలబడి ఉంది. పళ్ళెంలో బియ్యం, బెల్లం గడ్డ, కొబ్బరి చిప్ప. "మీరు మా వంట తినరని మీ పిల్ల చెప్పింది. గందుకే పచ్చి బియ్యం తెచ్చిన. కొబ్బరి అమ్మవారి కాడిది" అంది. "ఉప్పు డబ్బా నిండ పోసిపెట్టిన్రు ఎవలో, వాళ్ళు సల్లగుండాలె. మేం దుకాణం ఎతుక్కునే పని తప్పింది."

వెనక నుంచి సంగీత నన్ను చూసింది. నేను పళ్ళెం అందుకుని, లోపలికి పోయి ఆ బియ్యం మా బియ్యం డబ్బాలో పోశాను. తిరిగి వచ్చేసరికి పోశవ్వ, పొద్దుటి నుంచి నిలబడి కాళ్ళు గుంజుతున్నాయేమో, గడప మీదే కూర్చుంది. ఒక కాలు అటు, ఒక కాలు ఇటు.

"గడప మీద కూసోవద్దక్కా" అన్నాడు శివరాజు, పేపరు దించి.

ఆమె ఉలిక్కిపడి లేచింది. "అయ్యో, ఎరుకలే నాయనా" అని కాలు అటు తీసుకోబోయింది.

"అటు కాదు. లోపలికి రా."

"చేతులు నీసు వాసన. కడుక్కున్న కని ఇంక పోలే."

"నా ఉయ్యాల పక్కన బర్రెను కట్టేసిన ఇల్లు ఇది" అన్నాడు వాడు. "నువ్వు రా."

పోశవ్వకు అర్థం కాలేదు. ఏమంటున్నాడీయన అన్నట్టు నా ముఖం చూసింది.

"అదో పెద్ద కత. కూసో, చెప్త" అని నేను పడసాలలో పీట వాల్చాను.